వానలో ఎగరేయని మనిషి

పోయిన వారం ఒక పెళ్లి ఆర్డరు మాట్లాడుకోవడానికి విరుదునగర్ వెళ్లాను. పెళ్లికూతురి అన్న నన్ను కూర్చోబెట్టి, కాఫీ ఇప్పించి, ఫోన్‌లో ఒక వీడియో చూపించాడు. కుండపోత వాన. ఆ వానలో డ్రోన్‌తో పైనుంచి తీసిన బొమ్మ. కింద కొత్త జంట చేతులు చాచి గిరగిరా తిరుగుతున్నారు. పెళ్లికూతురి పట్టుచీర తడిసి కాళ్లకు చుట్టుకుపోయింది, పాపం ఆ పిల్ల పడకుండా ఉండడానికి నానా అవస్థ పడుతూ నవ్వుతోంది.

"ఇట్లాంటిది ఒకటి కావల్ల అన్నా. ఐప్పసి నెలలో కల్యాణం. వాన కండిప్పా వస్తాది" అన్నాడు. ఐప్పసి అంటే మా వైపు వానలు దంచే నెల, వాన తప్పకుండా వస్తుందని అతని ధీమా.

నాకు అసహ్యం వేసింది. ఆ వీడియో చూసి మాత్రమే కాదు. "అదెంత పని, చేసేద్దాం" అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చేసింది, అందుకు. ఇరవై ఏళ్లుగా పెళ్లిళ్లు తీసి తీసి నా నోరు అలా తయారైంది. ఆ మాట మింగేసి, "వానలో ఎగరేయం" అని చెప్పాను. అతను నన్ను పిచ్చివాణ్ని చూసినట్టు చూశాడు. ఆర్డరు పోయిందనుకోండి, అది వేరే సంగతి. 'వానలో ఎగరేయం' అన్న మాట నాది కాదు. పోయిన ఏడు ఐప్పసిలో కన్నుమూసిన ఒక మనిషిది.

ఆయన పేరు చెప్పను. నేను మామా అని పిలిచేవాణ్ని. చుట్టరికం ఏమీ లేదు. మా అరవదేశపు కోవిల్‌పట్టిలో, ఇంట్లో తెలుగు మాట్లాడుకునే పెద్దవాళ్లందరూ మాకు మామలో పెదనాన్నలో అవుతారు. మా స్టూడియోకి డ్రోన్ ఎగరేసింది ఆయనే.

ఆయనకు అన్నిటికంటే సులువుగా వచ్చేది అసహ్యం. ముందు ముక్కు చిట్లించేవాడు, అదీ ఎడమవైపు మాత్రమే. ఆ తర్వాత "అసింగం" అనేవాడు. అసహ్యానికి మేం వాడే మాట అది, అరవం నుంచి మా ఇళ్లలోకి వచ్చి ఉండిపోయింది. చెయ్యి కడుక్కుని తుడుచుకోకుండా డ్రోన్ పట్టుకోబోయే వాణ్ని చూస్తే అసింగం. బురద చేలో పెళ్లికూతుర్ని చీర ఎత్తి పరిగెత్తమనే ఫోటోగ్రాఫర్ని చూస్తే అసింగం. వాన రాని నెలల్లో ట్యాంకరు పిలిపించి, గొట్టంతో కొత్త జంట నెత్తిన వాన కురిపించడం చూసి మా వృత్తి మొత్తాన్ని కలిపి ఒకసారి అసింగం అన్నాడు. ఆ రోజు గొట్టం పట్టుకున్నది నేనే.

మా స్టూడియోకి రాకముందు ఆయన పని అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో. మా వైపు దాన్ని తీపెట్టి ఆఫీసు అంటారు. మందులో ముంచిన పుల్లలను ఆరబెట్టే గదిలో ఇరవై ఏళ్లు ఉన్నాడు. యంత్రాలు వచ్చి ఆ పని పోయాక, లైట్లు పట్టుకోవడానికి మా దగ్గరికి వచ్చాడు. నేను డ్రోన్ కొన్నప్పుడు ఎగరేయడం నాకంటే ముందు ఆయనకే పట్టుబడింది. యాభై దాటిన మనిషి, కంప్యూటర్ ముట్టని మనిషి. నాకు మొదట కాస్త కుళ్లుగా కూడా ఉండేది.

తేమ సంగతి నేను ఫోన్‌లో చూసి తెలుసుకునేవాణ్ని. ఆయన చొక్కా జేబులో అగ్గిపెట్టె ఉండేది. బీడీ ముట్టడు, సిగరెట్ ముట్టడు, పెట్టె మాత్రం తప్పదు. ఎగరేసే ముందు ఒక పుల్ల బయటికి తీసి కాసేపు అలాగే గాలిలో పట్టుకునేవాడు. తర్వాత గీసేవాడు. చర్రుమని అంటుకుంటే పొగ ఎటు పోతోందో చూసి "ఊఁ, కానీ" అనేవాడు. అలా కాకుండా మందు మెత్తగా పెట్టె పక్కకు అంటుకుందంటే, పెట్టె మూసి జేబులో వేసుకునేవాడు. ఇక ఆ పూట తలకిందులుగా తపస్సు చేసినా ఆయన ఎగరేయడు.

"వాన లేదు కదా మామా" అంటే ముక్కు లేచేది.

"పైన లేదు అల్లుడా. గాల్లో ఉండాది. అది నీ నెత్తిన పడేదాకా కాసుకోనుంటావా? దీంట్లో నాలుగు మోటార్లు ఉండాయి. వాటికి గాలి పోయే సందులు ఉండాయి. గాలి పోయే సందులో నీళ్లు పోవా?"

మదురై నుంచి వచ్చిన ఒక అమ్మకందారు డ్రోన్‌కు తొడిగే ప్లాస్టిక్ కోటు చూపించాడు. అది వేస్తే ఎంత వానలోనైనా ఎగరేయొచ్చట. మామ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "దీనికి సొక్కా ఏస్తే ఊపిరెట్ల ఆడతాది? లోపలే ఉడికి సస్తాది" అని రెండు వేళ్లతో పట్టుకుని వెనక్కి ఇచ్చేశాడు, చచ్చిన ఎలుకను తోక పట్టుకుని ఇచ్చినట్టు.

కొత్త చెప్పుల పెట్టెల్లో 'తినకూడదు' అని రాసిన చిన్న పొట్లాలు వస్తాయి చూడండి, తడి పీల్చేవి. కోవిల్‌పట్టిలోని చెప్పుల కొట్లన్నీ తిరిగి వాటిని అడిగి తెచ్చుకునేవాడు. డ్రోన్ పెట్టె నిండా అవే. తడి పీల్చి బరువెక్కాక పొట్లాలు విప్పి, లోపలి గుళికలను దోసెల పెనం మీద సన్నసెగన వేయించి, గుడ్డసంచుల్లో పోసి మళ్లీ వాడేవాడు. నేను వాళ్లింటికి వెళ్లినప్పుడల్లా ఆయన భార్య, మా అత్త, మొరపెట్టుకునేది.

"నువ్వన్నా సెప్పు నాయినా. ఈయన గుళ్లు ఏంచిన పెనంలో నేను దోసె పోస్తే మనుమరాళ్లు తింటారా?"

"నీ దోసెకంటే నా గుళ్లే బాగా కాలతాయి" అనేవాడు ఆయన. చివరికి ఆ పెనం ఆయనకే వదిలేసి అత్త ఇంకోటి కొనుక్కుంది.

ఏసీ మండపాల్లోకి డ్రోన్ పెట్టెను రానిచ్చేవాడు కాదు. చల్లటి చోటు నుంచి ఉక్కపోతలోకి తెస్తే అద్దానికి చెమట పడుతుందని, పెట్టె ఒళ్లో పెట్టుకుని వాకిట్లోనే కూర్చునేవాడు. భోజనానికి పిలిస్తే "దీని దగ్గర ఎవరుంటారు?" అనేవాడు. పెళ్లివాళ్లు ఆకు పంపితే తినేవాడు, మరిచిపోతే పస్తు. ఎక్కడికి పోయినా వెంట ఒక పాత క్యారమ్ బోర్డు వచ్చేది. డ్రోన్ లేచేది దాని మీది నుంచే, దిగేదీ దాని మీదికే. మా నల్లరేగడి తడిస్తే చెప్పును కూడా వదలదు, ఎండిన దుమ్ము రెక్కల గాలికి లేచి మోటార్లలో దూరితే ఇక అంతే సంగతులు. దింపిన మరుక్షణం బ్యాటరీ ఊడదీసేవాడు. పెళ్లికొడుకు తండ్రి వచ్చి వీడియో చూపించమన్నా సరే, ముందు ఆ పనే.

"ఫస్టు ప్రాణం తీసి పక్కన పెట్టు. ఒళ్లు తరువాత తుడుసుకో" అని నాకు ఎన్ని వందల సార్లు చెప్పాడో.

ఇదంతా చదివి ఆయన్ను ముద్దొచ్చే పెద్దాయన అనుకోకండి. ఒట్టి సణుగుడు మనిషి. పెళ్లివాళ్ల ముఖం మీదే ముక్కు చిట్లించి నా ప్రాణం తీసేవాడు. ఆయన పుల్ల గీసినప్పుడల్లా అది వెలగాలని మొక్కుకునేవాణ్ని. వెలగకపోతే వాళ్లకు సర్ది చెప్పుకోవాల్సింది నేనే కదా.

మూడేళ్ల కిందట కడంబూరులో ఒక పెళ్లికి వెళ్లాం. పెళ్లికూతురి తండ్రికి ఆ దగ్గర్లోనే తీపెట్టి ఆఫీసు ఉంది. ఆయన్ను అందరూ మొదలాళి అంటారు, యజమాని అని. ఆయనా మా భాష మనిషే. ముహూర్తం మరునాడు పొద్దున. ఆ ముందురోజు సాయంత్రం నాలుగింటికి పెళ్లికొడుకును పూలకారులో మండపానికి ఊరేగించి తేవాలి. మూడున్నరకు సన్నగా తుంపర మొదలైంది. మామ పుల్ల తీశాడు, గీశాడు, పెట్టె మూసి జేబులో వేసుకున్నాడు. డ్రోన్ పెట్టెతో సహా ఎదురుగా ఉన్న టీ బంకు చూరు కిందికి వెళ్లి నిలబడ్డాడు.

మొదలాళి నా దగ్గరికి వచ్చాడు. "ఏమప్పా, ఇంకా పైకి లేయలేదే?"

"తుంపర పడతాండాది అన్నా..."

"ఇది వానా? తూరలుదా, ఉత్త తుంపర! మన మాట మాట్లాడేవాడని నిన్ను పిలిస్తిని. పెండ్లికొడుకు ఇంటివాళ్ల ముందర నా మానం తీస్తావా?" అని నా భుజం మీద చెయ్యి వేసి నొక్కాడు. నేను నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా పళ్లు నేనే రాలగొట్టుకోవాలనిపిస్తుంది.

టీ బంకు దగ్గరికి పరిగెత్తాను. "మామా, అయిదే నిమిషాలు. కారు వచ్చేదాకా."

"ఒద్దు."

"జనం మీద ఒద్దు. పక్కన ఎగరేద్దాం."

"పక్కన ఎవరుండారు? ఆడా జనమే. అది పడితే ఎవరి నెత్తిన పడతాదో సెప్పు, నేను ఎగరేస్తా." ముక్కు లేచింది. "ఎవుడో అడిగినాడని తల ఊపుకోని వచ్చేసేదా? అసింగం."

అంతకు ముందు ఎన్నిటినో అన్నాడు కానీ, నన్ను అనడం అదే మొదలు. నాకు ఒళ్లు మండిపోయింది. "నువ్వు ఎగరేయకుంటే నేనే ఎగరేస్తా" అని పెట్టె లాక్కున్నాను. ఆయన పట్టుకోలేదు. వదిలేశాడు.

మండపం వెనక మెట్ల మీద నిలబడి ఎగరేశాను. నన్ను ఎవరూ చూడలేదు. డ్రోన్ లేస్తే అందరూ పైకి చూస్తారు, ఎగరేసేవాడి వైపు ఎవరు చూస్తారు? కొబ్బరిచెట్టు ఎత్తుకు పోయేసరికి నా చేతిలోని రిమోట్ తెర మీద బొమ్మంతా తెల్లగా అలుక్కుపోయింది. కిందికి చూసే దాని కళ్లకు నీటి చుక్కలు పట్టాయి. నేల ఎంత దూరంలో ఉందో దానికి తెలియడం లేదు, ఎటు పోతోందో నాకు తెలియడం లేదు. వెనక్కి తెద్దామనుకునేలోపు ఒక పక్కకు ఒరిగి పడిపోయింది. హారతి పళ్లెం పట్టుకుని నిలబడిన ఒక ముసలావిడ భుజాన్ని గీరుకుంటూ పోయి బురదగుంటలో పడింది. ఆవిడకు రక్తం వచ్చింది, ఎవరో పసుపు అద్దారు. మేళం కూడా ఆగలేదు. కొందరు నవ్వారు.

మొదలాళి వచ్చి ముసలావిడను చూడలేదు, డ్రోన్‌ను చూశాడు. "రేపు ముహూర్తానికి ఎగరల్ల గదా! తడిసిందా? మన ఆఫీసుకు పంపు. ఆరే గదిలో పెట్టితే ఒక గంటలో ఎండిపోతాది."

ఇది వింటే మీకు గుండె ఆగుతుందేమో. నాకు ఆగలేదు. మా ఊళ్లలో వానాకాలం ఏది తడిసినా అక్కడికే పోతుంది. పుల్లలు ఆరడానికి వేడిగాలి తోలే గది అది. బడి పుస్తకాలు, రేషను కార్డులు, పెళ్లి బట్టలు అక్కడ ఆరాయి. మా అమ్మ ఒకసారి వడియాలు పంపింది. చిన్నప్పటి నుంచి చూసిన పని, అందులో తప్పేముంది అనిపించింది. బురద తుడిచి సంచిలో వేసి మొదలాళి డ్రైవరు చేతికి ఇచ్చాను. బ్యాటరీ దాంట్లోనే ఉంది.

మామ అప్పుడు రోడ్డు దాటి వచ్చాడు. "యాడికి పోయింది?"

"ఆరేదానికి ఆఫీసుకు పంపినా."

"బ్యాటరీ?"

నా ఖాళీ చేతుల వైపు చూశాడు. ఆయన ముక్కు చిట్లించలేదు. మోపెడ్ ఎక్కి వెళ్లిపోయాడు. నేను వెంట పోలేదు. పూలకారు వచ్చేసింది, పెళ్లికొడుకు దిగుతున్నాడు, ఇంకో కెమెరా భుజానికి ఎత్తుకున్నాను. ఆఫీసు వాకిట్లో ఏదో కాలిందని, మామ చేతులు కాలి కోవిల్‌పట్టి ఆస్పత్రికి తీసుకుపోయారని ఒక గంటలో తెలిసింది. అప్పుడూ పోలేదు.

మరునాడు ముహూర్తం అయ్యాక మొదలాళి నన్ను పక్కకు పిలిచాడు. "ఎగరేసి పడేసింది ఆ ముసలాయనే గదా?"

"ఆమా అన్నా" అన్నాను. ఔను అని.

"తాగి ఉంటాడు. ఇట్లాంటివాళ్లను ఏంటికప్పా పెట్టుకుంటావు?"

నేను తల దించుకున్నాను. మామ జీవితంలో చుక్క ముట్టలేదు.

భోజనాలు అయ్యాక ఆస్పత్రికి వెళ్లాను. వరండాలో ఆ ఆఫీసులో పనిచేసే ఒకామె కూర్చుని ఉంది. యజమాని ఇంట్లో పెళ్లయినా వాళ్లకు ముందురోజు సెలవు లేదట. ఏం జరిగిందో ఆమే చెప్పింది.

"మేము ముప్పైమందిమి పక్క హాల్లో పెట్టెలకు పుల్లలు ఏస్తాండాము అన్నా. ఆయన తడుసుకోని వచ్చి బైటికి పోండి, బైటికి పోండి అని కూతలు. మొదలాళి సెప్పకుండా ఎట్ల లేసేది? ఎవురూ లేయలేదు. ఆయన గోనెపట్ట ఒకటి నీళ్లలో ముంచి గదిలోకి దూరినాడు. చూస్తే ఆ బ్యాటరీ పూరీ మాదిరి ఉబ్బుండాది. దాన్ని గోనెలో సుట్టి కడుపుకు అదుముకోని పరిగెత్తినాడు. వాకిట్లోకి పోయిండాడో లేదో, బుస్సుమని మంట. లోపల అంటుకొనుంటే మేము ఒక్కరం మిగిలేవాళ్లమా?"

ఆమె నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. నన్ను ఆయన మేనల్లుడు అనుకుంది.

లోపల మామను రెండు చేతులకూ కట్లు కట్టి పడుకోబెట్టారు. నన్ను చూశాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది.

"పడేసినావు, సరే. బ్యాటరీ తీయకుండా ఎట్ల ఇస్తివి?" అన్నాడు. ముక్కు ఎడమవైపు లేచింది. అంతే, గోడవైపు తిరిగిపోయాడు.

ఆ వేళ్లు మళ్లీ సరిగ్గా ముడుచుకోలేదు. స్టూడియోకి ఇక రాలేదు. ముసలాయన తాగి వానలో ఎగరేసి పడేశాడని మొదలాళి నోటి నుంచి కడంబూరంతా, అక్కడి నుంచి కోవిల్‌పట్టి ఫోటోగ్రాఫర్లందరికీ పాకింది. ఎవరో నా ముందే జోకు వేశారు, నేను నవ్వాను కూడా. ఆయన మాత్రం ఎవరికీ ఏమీ చెప్పలేదు. అది పెద్దమనసు అని మీరనవచ్చు. నేననుకోను. నా పేరు నోట పలకడానికే ఆయనకు అసహ్యం వేసి ఉంటుంది.

పోయిన ఏడు నిద్రలోనే గుండె ఆగి పోయాడు. పదహారో రోజు కర్మకు వెళ్లాను. జనం వెళ్లిపోయాక అత్త నాకు కాఫీ తెచ్చి ఎదురుగా నేలమీద కూర్చుంది.

"నాయినా, ఒకటి అడుగుతా. ఈయన గాలికి తేమ తగిలితే పెట్టె మూత తీయనీయడు గదా. ఆ పొద్దు వానలో ఏంటికి ఎగరేసినాడు? నేను అడిగితే సెప్పలేదు, నా మొగం సూడకుండా పాయె. ఊళ్లో తాగినాడంటాండారు. నాకు తెలీకుండా తాగినాడా? నువ్వు కూడ ఉంటివి గదా, సెప్పు."

అంతకంటే ఆమెకు కావలసింది ఏమీ లేదు. ఒక్క మాట. 'ఎగరేసింది నేను అత్తా' అంటే ఆమె ఆ రాత్రి నిద్రపోయేది.

"తెలీదు అత్తా. ఒకోసారి అట్ల అయితాది" అన్నాను. కాఫీ చల్లారుతోందంది. తాగేశాను. గ్లాసు కడిగి బోర్లించి వచ్చాను.

ఎగరేసింది నేను. పడేసింది నేను. ముప్పైమంది ఆడవాళ్ల పక్కగదిలో నిప్పు పెట్టి వచ్చింది నేను. ఆయన తాగలేదు. ఇదంతా తెలుగులో రాయగలిగానంటే, చిన్న వయసులో తిరుపతిలో ఒక స్టూడియోలో నాలుగేళ్లు పనిచేసి ఈ అక్షరాలు నేర్చుకున్నాను కాబట్టి. కోవిల్‌పట్టిలో మా ఇళ్లలో అందరూ ఈ భాష మాట్లాడతారు, చదవడం ఎవరికీ రాదు. మేమందరం బడిలో చదివింది అరవమే. అరవంలో రాస్తే అత్త కూడబలుక్కుని అయినా చదువుతుంది. అందుకే తెలుగులో రాశాను.